క్యారవాన్ కోసం లారీ ఎంపిక: 16 టన్నుల పాత బండా, 11 టన్నుల కొత్త చాసిస్సా?

పాలవ్యాను_2009
మాది తిరుపతి. 2009 నుంచి పలమనేరు, పుంగనూరు వైపు పాల వ్యాన్లు నడిపి, ఈ మధ్యనే ఆ వ్యాపారాన్ని మా తమ్ముడికి అప్పగించాను. ఇక మీదట సంవత్సరానికి నాలుగైదు నెలలు కుటుంబంతో కలిసి దేశం తిరగాలన్నది నా కోరిక. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మానాన్నలు, మొత్తం ఆరుగురం. వ్యాను మీద కట్టిన చిన్న క్యారవాన్లు (చక్రాల ఇళ్లు) రెండు మూడు చూశాను. వాటిలో ఆరుగురు పడుకోవడం మాట అటుంచి, ఆరు జతల చెప్పులు విడవడానికే చోటు లేదు. అందువల్ల లారీ చాసిస్ (ఇంజను, చక్రాలు ఉన్న అడుగు చట్రం) మీద పెద్ద ఇల్లే కట్టించాలని నిశ్చయించుకున్నాను.

నా ముందు మూడు దారులున్నాయి. చిత్తూరులో తెలిసినవారి 2017 నాటి 16 టన్నుల (బండి, సరుకు కలిపి) ఆరు చక్రాల లారీ ఒకటి అమ్మకానికి ఉంది. మామిడికాయలు, బెల్లం తప్ప మరే సరుకూ మోయలేదనీ, ఇంజను ఇంతవరకు విప్పలేదనీ చెబుతున్నారు. రెండవది, క్యాబిన్‌తో సహా వచ్చే 11 టన్నుల కొత్త చాసిస్. మూడవది, సైన్యం వేలంలో అమ్మే ఫోర్ వీల్ డ్రైవ్ లారీ. నా మనసు మొదటిదాని వైపు మొగ్గుతోంది. బండి ఎంత బలమైనదైతే ఇల్లు అంత భద్రంగా ఉంటుందని నా ఆలోచన. ఇందులో పొరపాటుంటే కొనకముందే చెప్పండి. కొన్న తరువాత చెప్పడానికి మా ఇంట్లోనే నలుగురున్నారు.

కమాను_కట్ట
పొరపాటు సరిగ్గా ఆ ఆలోచనలోనే ఉంది. 16 టన్నుల లారీ వెనుక కమాన్లు (ఇనుప పట్టీల స్ప్రింగులు) సుమారు పది టన్నుల సరుకును మోయడానికి వేసినవి. మీరు కట్టే ఇల్లు, సామాను, నీళ్లు, మనుషులు అన్నీ కలిపినా నాలుగు టన్నులు దాటడం కష్టం. అంటే మీ కుటుంబం జీవితాంతం సగం ఖాళీ లారీలో ప్రయాణం చేస్తుంది. ఖాళీ లారీ గుంతలో పడితే వెనుక భాగం ఎలా ఎగిరిపడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. గిన్నెలు పగలడం చిన్న విషయం. గోడల అతుకులు విడిపోవడం, నీటి గొట్టాలు కీళ్ల దగ్గర ఊడిపోవడం అసలు బాధ.

రెండు పట్టీలు తీయించేస్తే మెత్తబడుతుందని షెడ్డులో ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. పట్టీలు తీస్తే కట్ట వంపు మారుతుంది, బండి ఎత్తు మారుతుంది, మలుపులో పక్కకు ఒరగడం పెరుగుతుంది. ముందు ఇంటి బరువు కాగితం మీద రాయండి, ఆ తరువాత దానికి సరిపోయే బండిని వెతకండి. మనవాళ్లందరూ ఈ పనిని తలకిందులుగా చేస్తారు.

మొగిలి_ఘాటు
నేను 27 సంవత్సరాలు స్టీరింగు పట్టినవాడిని, కాబట్టి పై అభిప్రాయంతో సగమే ఏకీభవిస్తాను. కమాన్ల గట్టితనం నిజమే. కానీ 16 టన్నుల బండికి ఉండే పూర్తి ఎయిర్ బ్రేకులు, ఎగ్జాస్ట్ బ్రేకు (పొగను అడ్డుకొని ఇంజనుతోనే వేగం తగ్గించేది), పెద్ద డ్రమ్ములు ఇచ్చే ధైర్యం వేరు. మొగిలి ఘాటులోనో భాకరాపేట ఘాటులోనో వెనుక ఆరు ప్రాణాలను పెట్టుకొని దిగుతున్నప్పుడు, కింద ఉన్న బండి తన శక్తిలో సగమే వాడుతోందన్న నమ్మకం తేలికగా తీసిపారేయదగినది కాదు. 11 టన్నుల బండి కొన్నా ఎయిర్ బ్రేకులు, ఎగ్జాస్ట్ బ్రేకు ఉన్నదాన్నే తీసుకోండి. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత నియమాన్ని మరవకండి.

సీబుక్కు_చదివినవాడు
కమాన్లు, బ్రేకులు అన్నీ తరువాత. ఆ పాత లారీ సీ బుక్కులో (నమోదు పత్రంలో) ఏమని రాసి ఉంది? సరుకు రవాణా వాహనమని. దాని మీద పడకలు, వంటగది, స్నానాల గది కట్టించి కుటుంబాన్ని ఎక్కిస్తే అది మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను కిందికి వస్తుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకూ సీ బుక్కులోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని ఆ సెక్షను చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా సమర్థించింది.

క్యారవాన్‌కు విడిగా ఒక దారి ఉంది. మోటారు క్యారవాన్ల ఆమోదానికి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉన్నది. ఆ ప్రమాణం ప్రకారం ఆమోదం పొందిన నమూనాను కట్టే బాడీ బిల్డరు దగ్గర కొత్త చాసిస్ మీద కట్టిస్తే, బండి మొదటి నుంచీ క్యారవాన్‌గానే నమోదవుతుంది. పైగా 2004 నాటి కేంద్ర ప్రకటనలో క్యాంపర్ వ్యాను రెండు జాబితాల్లోనూ కనిపిస్తుంది. అద్దెకు తిప్పితే రవాణా వాహనం, సొంత వాడుకకైతే రవాణేతర వాహనం. ఈ తేడా చిన్నది కాదు. రవాణా వాహనానికి మొదటి ఎనిమిది సంవత్సరాలు రెండేళ్లకోసారి, ఆ తరువాత ప్రతి ఏటా ఎఫ్‌సీ (బండి రోడ్డుకు తగినదన్న ధ్రువీకరణ) చేయించాలి. సొంత వాడుక బండికి మొదటి నమోదే 15 సంవత్సరాలు నడుస్తుంది.

తోతాపురి_సీజను
ఇంత చిక్కు ఎందుకు? 20 అడుగుల ఓడ కంటెయినరు ఒకటి కొని లోపల ఇల్లు కట్టించి, లారీ మీద నాలుగు మూలలా తాళాలు వేసి బిగిస్తే సరిపోతుంది. అప్పుడు ఇల్లు బండిలో భాగం కాదు, సరుకు. సీ బుక్కు మార్చనక్కరలేదు. వేసవి అయిపోయాక ఇంటిని దించి పెరట్లో పెట్టుకొని, లారీని మామిడి సీజనుకు పంపుకోవచ్చు.

చంద్రగిరి_కోటగోడ
దించిన ఇంటికి పంచాయతీ వారు ఇంటిపన్ను వేస్తారు, మోస్తున్నంతసేపు రవాణా శాఖ వారు వేస్తారు. రెండు శాఖలకూ సమన్యాయం చేసిన ఘనత మీకు దక్కుతుంది.

సీబుక్కు_చదివినవాడు
తోతాపురి గారి ఉపాయాన్ని ఇంతకుముందు కూడా కొందరు చెప్పగా విన్నాను. ఇల్లు సరుకైతే లోపల కూర్చున్న మీ అమ్మగారు కూడా సరుకే అవుతారు. సరుకు బండి వెనుక భాగంలో మనుషులను ఎక్కించుకొని పోవడం నేరం. ఏదైనా ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొదట అడిగేది ఆ ప్రశ్ననే. జరిమానా కట్టి బయటపడవచ్చు, బీమా తిరస్కరణ నుంచి బయటపడలేము.

కమాను_కట్ట
దానికి తోడు, ఖాళీ కంటెయినరే రెండు టన్నులకు పైగా ఉంటుంది. లోపలి వెడల్పు 2.35 మీటర్లు, గోడలకు, పైకప్పుకు వేడి తగలని పొర వేశాక అందులోనూ పది సెంటీమీటర్లు పోతాయి. చిత్తూరు జిల్లా ఎండలో ఇనుప పెట్టె ఎలా కాగుతుందో వేరే చెప్పాలా? పాలవ్యాను గారూ, ఈ విషయంలో మీ పాత వ్యాపారమే మీకు గురువు. పాలు చెడకుండా మోసే వ్యాను బాడీ దేనితో కడతారు? రెండు పలుచని రేకుల మధ్య నురుగు నింపిన పఫ్ పలకలతో. 50 మిల్లీమీటర్ల పఫ్ పలకతో కట్టిన గది తేలికగా ఉంటుంది, వేడిని ఆపుతుంది, గోడకు విడిగా ఇనుప చట్రం కూడా పెద్దగా అవసరం ఉండదు.

పాలవ్యాను_2009
పఫ్ సంగతి నాకు తట్టనే లేదు. పదిహేనేళ్లు పాలను చల్లగా మోసి, మనుషుల వంతు వచ్చేసరికి ప్లైవుడ్ గోడలు అనుకున్నాను. పుత్తూరు రోడ్డులో ఒక షెడ్డువారు 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో గోడలు, అల్మరాలు, మంచాలు అన్నీ కలిపి 40 షీట్లు అవుతాయని అంచనా ఇచ్చారు. వంటగట్టుకు కుప్పం గ్రానైట్ వేయిస్తే జీవితాంతం ఉంటుందని కూడా చెప్పారు.

కమాను_కట్ట
19 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ షీటు ఒక్కొక్కటి 35 కిలోలకు పైగా తూగుతుంది. 40 షీట్లంటే సుమారు టన్నున్నర. రెండు మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల గ్రానైటు గట్టు 65 కిలోలు. గ్రానైటు నిజంగానే జీవితాంతం ఉంటుంది. దాని కింద ఉన్న అల్మరా మాత్రం నంద్యాల దాటేలోపే పోతుంది.

బెంగళూరులో_చిత్తూరోడు
నా అనుభవం రాస్తాను, ఎవరికైనా పనికివస్తుంది. ఐదేళ్ల క్రితం ఒక మధ్యతరహా లారీ చాసిస్ మీద 18 అడుగుల గది కట్టించాను. షెడ్డు పేరు అనవసరం. వారు బస్సు బాడీలు కట్టడంలో సిద్ధహస్తులే గాని, లారీ చాసిస్ మీద ఇల్లు కట్టడం వారికి అదే మొదటిసారి. గది అడుగు చట్రాన్ని చాసిస్‌కు పన్నెండు చోట్ల యూ బోల్టులతో గట్టిగా బిగించారు. కదలదు సార్ అని గర్వంగా చూపించారు. నిజంగానే కదలలేదు. మొదటి వర్షాకాలంలో తలకోన దారిలో ఒక పక్క చక్రం గోతిలోకి దిగినప్పుడు టపీమని శబ్దం వచ్చింది. దిగి చూస్తే తలుపు చట్రం పై మూల నుంచి కప్పు దాకా జానెడు పగులు. ఆ పగులులోంచి దిగిన నీరు మూడు నెలలపాటు మాకు కనిపించకుండా పడక కింది చెక్కను తినేసింది. బాగు చేయించడానికి పెట్టిన ఖర్చుతో పాత కారు ఒకటి వచ్చేది. తప్పు ఎక్కడ జరిగిందో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. ఎవరైనా వివరిస్తే సంతోషిస్తాను.

కమాను_కట్ట
గట్టిగా బిగించడమే తప్పు. లారీ చాసిస్ రెండు పొడవాటి సీ ఆకారపు కమ్మీలతో, మధ్యలో అడ్డ కమ్మీలతో చేసిన నిచ్చెన లాంటిది. ఒక చక్రం గోతిలోకి దిగితే ఆ నిచ్చెన మెలి తిరుగుతుంది, తిరగాలి కూడా. అలా తిరగడం వల్లనే నాలుగు మూలల చక్రాలూ నేలను పట్టుకొని ఉంటాయి. సరుకు లారీ తొట్టి దానితో పాటు మెలి తిరుగుతుంది కాబట్టి దానికి ఏమీ కాదు. పఫ్ పలకల గది అట్టపెట్టె లాంటిది, మెలి తిరగలేదు. తిరగలేనిదాన్ని తిరిగేదానికి బిగిస్తే ఎక్కడో ఒకచోట తెగాలి. తెగేది ఎప్పుడూ బలహీనమైన మూలలోనే, అంటే తలుపు, కిటికీల దగ్గరే.

ఇందుకు విరుగుడు చాసిస్ పైన రెండవ చట్రం ఒకటి వేయడం. ఆ చట్రాన్ని వెనుక ఇరుసు దగ్గర గట్టిగా పట్టించి, ముందు వైపు మాత్రం స్ప్రింగుల మీద పైకి లేవగలిగేలా వదులుతారు. కొందరు ముందు భాగంలో ఒకే ఒక్క కీలు మీద నిలిపి, మూడు బిందువుల అమరిక చేస్తారు. ట్యాంకర్లకు ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. మన జిల్లాలో పాల ట్యాంకర్ల పని చేసే షెడ్డుకు వెళ్లి, ట్యాంకు ముందు భాగం చాసిస్ మీద ఎలా కూర్చున్నదో కింద నుంచి చూడండి. బస్సు షెడ్డు కంటే ట్యాంకరు షెడ్డు మేలన్నది నా అభిప్రాయం.

రేణిగుంట_జంక్షన్
పై పోస్టును నేను కాగితం మీద రాసుకున్నాను. ఒక చిన్న చేర్పు: వెనుక ఇరుసు దాటి బయటికి వచ్చే భాగం, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరంలో 60 శాతం మించకూడదని నిబంధన. ఆ దూరం 4.2 మీటర్లున్న చాసిస్‌కు రెండున్నర మీటర్లు. చాలామంది స్నానాల గదినీ నీళ్ల ట్యాంకునూ ఆ చివర్లోనే పెడతారు. నిబంధన ఒప్పుకున్నా బండి ఒప్పుకోదు. వెనుక బరువు పెరిగితే ముందు ఇరుసు తేలికై స్టీరింగు గాలిలో ఉన్నట్లు అవుతుంది. నీళ్ల ట్యాంకు రెండు ఇరుసుల మధ్యనే ఉండాలి.

ఎండకాపు_సోలార్
కరెంటు గురించి ఎవరూ రాయలేదు. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే, గదికి పఫ్ గోడలుంటే, నాలుగు నుంచి ఐదు యూనిట్లు తీసుకుంటుంది. లారీ విద్యుత్తు 24 వోల్టులది, అందువల్ల ఇంటి బ్యాటరీ కూడా 24 వోల్టులదే పెట్టుకోవడం సుఖం. 24 వోల్టుల 200 ఆంపియర్-అవర్ల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో ఐదు యూనిట్లు ఉంటాయి, బరువు యాభై కిలోల లోపు. అదే శక్తిని ఇంటి ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ బ్యాటరీలతో తెచ్చుకోవాలంటే రెండు వందల కిలోలు దాటుతుంది, ఎందుకంటే వాటిని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా చెడతాయి. కప్పు మీద 550 వాట్ల పలకలు నాలుగు పడతాయి. మన వైపు ఎండకు రోజుకు ఎనిమిది యూనిట్ల దాకా రావచ్చు.

మొగిలి_ఘాటు
ఒక జనరేటరు పెట్టుకుంటే ఈ లెక్కలన్నీ అక్కరలేదు.

ఎండకాపు_సోలార్
అక్కరలేదు. పక్కన బండి ఆపుకున్నవారి నిద్ర కూడా అక్కరలేదు.

మొగిలి_ఘాటు
శ్రావణమాసంలో కొంకణంలో వారం రోజులు ఎండ ముఖం కనిపించనప్పుడు ఈ మాట గుర్తు చేస్తాను.

ఎండకాపు_సోలార్
అందుకే ఇంజను నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటరు నుంచి ఇంటి బ్యాటరీకి మధ్యలో డీసీ చార్జరు ఒకటి పెట్టాలి. నేరుగా తీగ కలిపితే ఆల్టర్నేటరు వేడెక్కి కాలిపోవచ్చు. రోజుకు మూడు నాలుగు గంటలు బండి నడిచినా రాత్రికి సరిపడా నిండుతుంది. ఇంకొక మాట: ప్రతి తీగకూ బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. ఇంటి వైరింగు చేసేవారితో బండి వైరింగు చేయించకండి. ఇల్లు కదలదు కాబట్టి వారు తీగలు రాపిడికి గురవుతాయని ఊహించరు.

పాలవ్యాను_2009
సైన్యం లారీ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. లద్దాఖ్ కూడా వెళ్లాలని పిల్లల ఆశ.

మొగిలి_ఘాటు
జబల్‌పూర్‌లో తయారైన ఆ స్టాలియన్ లారీల మీద నాకు అపారమైన గౌరవం ఉంది. కానీ అవి సైనికుల కోసం కట్టినవి. క్యాబిన్‌లో మాట వినిపించదు, ఎత్తు ఎక్కువ, డీజిల్ బాగా తాగుతుంది, ముందు ఇరుసు డిఫరెన్షియల్ సామాను మన దగ్గర దొరకడం కష్టం. లేహ్‌కు ప్రతి వేసవిలోనూ సరుకు మోసే లారీల్లో అధిక భాగం మామూలు వెనుక చక్రాల లారీలే. ఆ దారి అడిగేది నాలుగు చక్రాల శక్తిని కాదు, ఓపికను.

సీబుక్కు_చదివినవాడు
వేలం బండికి కొత్తగా పౌర నమోదు చేయించి, ఆ తరువాత మళ్లీ క్యారవాన్‌గా మార్పించాలి. ఈ రెండు పనులూ పూర్తయ్యేసరికి పిల్లలే లద్దాఖ్‌లో ఉద్యోగాలు తెచ్చుకుంటారు.

పెద్దకోడలు_పీలేరు
ఇంతసేపు చదివాను. నలభై షీట్ల ప్లైవుడ్‌ను తూచారు, గ్రానైటును తూచారు, బ్యాటరీని తూచారు. ఇందులో ప్రయాణం చేసే మనుషుల గురించి ఎవరూ అడగలేదు. మా అత్తమామలను మూడేళ్లుగా తీసుకొని తిరుగుతున్నదాన్ని కాబట్టి అడుగుతున్నాను. పాలవ్యాను గారి అమ్మగారి వయసు ఎంత? ఆమె మోకాళ్లు ఎలా ఉన్నాయి? 16 టన్నుల లారీ మీద రెండవ చట్రం వేసి గది కడితే లోపలి నేల భూమికి ఎంత ఎత్తున ఉంటుంది? నాకు తెలిసి 1.3 మీటర్లకు తగ్గదు. అంత ఎత్తుకు ఇనుప నిచ్చెన వేలాడదీస్తారు. రాత్రి రెండు గంటలకు పెట్రోలు బంకులో బండి ఆపినప్పుడు ఆమె దానిని ఎలా దిగుతారు?

రెండవ ప్రశ్న, బండి నడుస్తున్నప్పుడు ఆరుగురూ ఎక్కడ కూర్చుంటారు? లారీ క్యాబిన్‌లో ముగ్గురు. మిగతా ముగ్గురు వెనుక గదిలో సోఫా మీద అనుకుంటున్నట్లయితే, అది సోఫానా, చాసిస్ చట్రానికి బిగించి బెల్టులు పెట్టిన సీటా? క్యాబిన్‌కూ గదికీ మధ్య దారి ఉందా? లేకపోతే వెనుక పిల్లవాడికి వాంతి వస్తోందన్న సంగతి మీకు టోల్ గేటు దగ్గర తెలుస్తుంది. మా మొదటి ప్రయాణంలో సరిగ్గా అదే జరిగింది.

చంద్రగిరి_కోటగోడ
చర్చలో మొదటి అసలైన పోస్టు ఇది.

బెంగళూరులో_చిత్తూరోడు
మా బండికి మధ్య దారి లేదు. ఫోనులో మాట్లాడుకుంటూ ప్రయాణం చేశాం. సిగ్నలు లేనిచోట మా ఆవిడ చీపురు కర్రతో గోడ మీద కొట్టేది. ఒకటి కొడితే నెమ్మదిగా, రెండు కొడితే ఆపు, మూడు కొడితే ఇక నీ ఇష్టం.

కమాను_కట్ట
పెద్దకోడలు గారి మొదటి ప్రశ్నకు నేను సిగ్గుపడుతున్నాను. మధ్య దారి సంగతి ముందు చెబుతాను. క్యాబిన్ తన రబ్బరు బుష్‌ల మీద విడిగా ఊగుతుంది, గది విడిగా ఊగుతుంది. రెండింటి మధ్య మడతలు పడే మందపాటి రబ్బరు తొడుగు వేయాలి. క్యాబిన్ వెనుక గోడ కోసే ముందు దాని బలం ఎలా నిలబెడతారో బాడీ బిల్డరు చేత కాగితం మీద రాయించుకోండి. వంచి ఎత్తే క్యాబిన్ అయితే ఈ దారి మరింత చిక్కవుతుంది. క్యాబిన్ లేకుండా కౌల్ చాసిస్ మీద ముందు నుంచి వెనుక దాకా ఒకే బాడీ కట్టించడం ఇంకొక మార్గం.

కుప్పం_మూడురాష్ట్రాలు
అంత చేసేకంటే నేరుగా బస్సు చాసిస్ తీసుకోవచ్చు కదా? నేల తక్కువ ఎత్తులో ఉంటుంది, కమాన్లు మనుషుల కోసం వేసినవి, ఇంజను ముందున్నా లోపల నడవవచ్చు, కట్టేవారు కరూరు నుంచి బెంగళూరు దాకా ఎక్కడైనా ఉన్నారు. లారీ లారీ అని అందరూ పట్టుబట్టడం నాకు మొదటి నుంచీ అర్థం కావడం లేదు.

మొగిలి_ఘాటు
బస్సు చాసిస్ కింద ఖాళీ తక్కువ. తలకోన దారిలో, గండి పడిన రోడ్ల మీద అడుగు తగులుతుంది. సోకు కోసం లారీ అడగడం లేదు.

కుప్పం_మూడురాష్ట్రాలు
ఆర్టీసీ బస్సులు వెళ్లని ఊరు మన జిల్లాలో ఏదో చెప్పండి, నేను కూడా చూసి వస్తాను.

పాలవ్యాను_2009
రెండు రోజులు కనిపించకపోవడానికి కారణం ఉంది. పెద్దకోడలు గారి పోస్టును మా ఇంట్లో పైకి చదివి వినిపించాను. మా అమ్మకు 71 సంవత్సరాలు. ఎడమ మోకాలు సరిగా వంగదు. ఆమె ఏమీ అనలేదు గాని, మా నాన్న మాత్రం మరి మీ అమ్మను క్రేనుతో ఎక్కిస్తావా అని అడిగారు.

మరునాడు చిత్తూరు వెళ్లి ఆ 16 టన్నుల లారీని కాటా వేయించాను. తొట్టితో కలిపి ఖాళీ బరువు 5,900 కిలోలు. ఆ తరువాత కమాను గారు చెప్పినట్లు ఇంటి బరువు రాశాను. పఫ్ గది, రెండవ చట్రం కలిపి 1,500 కిలోలు. తేలికపాటి చెక్కతో లోపలి పని 700. నీళ్లు 350 లీటర్లు అంటే 350 కిలోలు. బ్యాటరీ, సోలార్ పలకలు, ఏసీ కలిపి 300. ఆరుగురు మనుషులు 380. బట్టలు, బియ్యం, గిన్నెలు, మా అమ్మ ఊరగాయ జాడీలు, అన్నీ కలిపి 400. మొత్తం 3,630 కిలోలు. 11 టన్నుల చాసిస్, క్యాబిన్ కలిపి 3,300 అనుకుంటే నిండు బండి ఏడు టన్నులకు అటూ ఇటూ ఉంటుంది. 16 టన్నుల ఆలోచన వదిలేశాను. అమ్మేవారికి కోపం వచ్చింది, కాఫీ మాత్రం ఇచ్చారు.

ఒక సందేహం: నిండు బరువు 7,500 కిలోల లోపే ఉంటుంది కాబట్టి నా కారు లైసెన్సు సరిపోతుందా? 2024లో సుప్రీంకోర్టు అలా చెప్పిందని విన్నాను.

సీబుక్కు_చదివినవాడు
సరిపోదు. 2024 నవంబరు తీర్పు, 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను ఎల్‌ఎంవీ (తేలిక వాహనాల) లైసెన్సుతో నడపవచ్చని చెప్పింది. ఆ 7,500 కిలోలు కాటాలో వచ్చే బరువు కాదు, సీ బుక్కులో నమోదయ్యే స్థూల బరువు. 11 టన్నుల చాసిస్‌ను 11 టన్నులుగానే నమోదు చేస్తారు. 7,500 కిలోలు దాటిన బండికి చెల్లే లైసెన్సు తీసుకోండి. మీరు పాల వ్యాన్లు నడిపినవారు కాబట్టి పరీక్ష కష్టం కాదు.

తోతాపురి_సీజను
నా కంటెయినరు ఉపాయం ఓడిపోయింది, ఒప్పుకుంటున్నాను. కొత్త చాసిస్ తీసుకుంటే ఏడ్‌బ్లూ (పొగను శుద్ధి చేయడానికి విడిగా పోసే యూరియా ద్రవం), డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే జల్లెడ) తలనొప్పులు ఉంటాయి కదా? మా బావగారి లారీ నెలకోసారి హెచ్చరిక దీపం వెలిగిస్తుంది.

మొగిలి_ఘాటు
2020 ఏప్రిల్ తరువాతి బీఎస్-6 బండ్లకు అది తప్పదు. పొగ గొట్టంలో పట్టిన మసి కాలాలంటే బండి హైవే మీద వేగంగా కొంతసేపు నడవాలి. ఊళ్లో ఇటుకలు మోసే బండికి ఆ అవకాశం ఉండదు, అందుకే దీపం. దేశం తిరిగే బండికి ఆ బాధ తక్కువ. నాలుగు నెలలు షెడ్డులో పెట్టినప్పుడు మాత్రం నెలకోసారి పది నిమిషాలు స్టార్టు చేసి ఆపడం కంటే, నాయుడుపేట దాకా వెళ్లి రావడం మంచిది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ కూడా తప్పనిసరి చేశారు. మా కాలంలో కిటికీయే ఏసీ, తడి తువ్వాలే కూలరు.

రేణిగుంట_జంక్షన్
ఈ బండి తిరుమల కొండ ఎక్కుతుందా?

చంద్రగిరి_కోటగోడ
వంటిల్లు, గ్యాసు సిలిండరు, నలభై అల్మరాలు ఉన్న బండిని అలిపిరి దగ్గర తనిఖీ చేయడం పూర్తయ్యేసరికి మీరు కాలినడకన దర్శనం చేసుకొని తిరిగి రావచ్చు. బండిని కింద పెట్టి సప్తగిరి బస్సు ఎక్కండి.

పెద్దకోడలు_పీలేరు
గ్యాసు మాట వచ్చింది కాబట్టి: మేము సిలిండరు మానేసి ఇండక్షన్ పొయ్యికి మారాం. కదిలే గదిలో, అందరూ నిద్రపోయే గదిలో సిలిండరు పెట్టుకోవడం నాకు నచ్చలేదు. పప్పు కుక్కరులో ఉదయం ఎండ ఉన్నప్పుడే వండేస్తాం. పాలవ్యాను గారూ, మెట్ల సంగతి ఏమైంది? బరువు లెక్కలో మళ్లీ మరిచిపోయారు.

కమాను_కట్ట
దానికి నేను రెండు రోజులుగా గీతలు గీస్తున్నాను. లారీ చాసిస్ వెడల్పు సుమారు 85 సెంటీమీటర్లే, గది వెడల్పు 2.4 మీటర్లు. అంటే చాసిస్‌కు ఇరువైపులా గది అడుగున దాదాపు 75 సెంటీమీటర్ల వెడల్పున ఖాళీ స్థలం ఉంటుంది. అందులోనే డీజిల్ ట్యాంకు, గాలి సిలిండర్లు, స్టెప్నీ ఉంటాయి. ఎడమ వైపు, రెండు ఇరుసుల మధ్య ఏ సామానూ లేని చాసిస్‌ను ఎంచుకుంటే, గది నేలను అక్కడ కోసి మెట్లను లోపలికి దించవచ్చు. 16 అంగుళాల చక్రాల బండి అయితే నేల 1.1 మీటర్లకు వస్తుంది. భూమి నుంచి 22 సెంటీమీటర్లకు మడిచే మెట్టు ఒకటి, ఆ పైన 40, 58, 76 దగ్గర లోపలి మెట్లు, 94 దగ్గర చాసిస్ కమ్మీ మీదుగా ఇంకొకటి, ఆ తరువాత నేల. మధ్యలో ఒక్కొక్క మెట్టు 18 సెంటీమీటర్లు, ఇంట్లో మెట్ల లాగే. కొనేముందు డీజిల్ ట్యాంకు ఏ వైపున్నదో వంగి చూడండి. దాన్ని తరువాత జరపడం మళ్లీ సీబుక్కు గారి సెక్షనులోకి వెళుతుంది.

కుప్పం_మూడురాష్ట్రాలు
బస్సులో ఈ మెట్లు ముందే ఉంటాయని మాత్రం మరొక్కసారి రాసి ఊరుకుంటాను.

పాలవ్యాను_2009
కమాను గారి కొలతలతో పెరట్లో ఇటుకలు పేర్చాను. 22, 40, 58, 76, 94, చివర 1.1 మీటర్ల ఎత్తున పాత మంచం పలక. అమ్మను పిలిచి ఎక్కమన్నాను. మొదటి నాలుగు మెట్లు ఎవరి సాయం లేకుండా ఎక్కింది. ఐదవదాని దగ్గర ఆగి, చెయ్యి గాలిలోకి చాపి, పట్టుకోవడానికి ఇక్కడ ఒక కమ్మీ ఉండాలి అన్నది. ఆ చెయ్యి ఎక్కడ ఆగిందో గోడ మీద సుద్దతో గీశాను. ఇటుక మెట్టు నుంచి 82 సెంటీమీటర్లు. తరువాత పైన నిలబడి చుట్టూ చూసి, పొయ్యి ఈ పక్కన పెట్టించు, వండుతుంటే రోడ్డు కనపడాలి అన్నది. ఎడమ వైపు ఖాళీ ఉన్న చాసిస్ కోసం రేపు రేణిగుంట రోడ్డులోని డీలర్ల దగ్గరకు వెళుతున్నాను.

కమాను_కట్ట
కమ్మీని గది గోడకు బిగించవద్దు, పఫ్ పలక మరను పట్టి ఉంచలేదు. మెట్ల గుంత చుట్టూ వేసే ఇనుప చట్రం నుంచే పైకి లేపించండి. అమ్మగారు నిలబడితే కళ్ల ఎత్తు ఎంతో కూడా కొలిచి పంపండి. కిటికీ కోసిన తరువాత జరపలేము.